ఆరాధన నూతనపడుటకు మన కానుక

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నూరు సంవత్సరములు మన అధ్యక్ష మండలమును నడిపించిన దేవునికి స్తోత్రము. ఈ సమయమున పోగగుచున్న శతవార్షిక నిధిని గూర్చి నాలుగు మాటలు చెప్పుదుము. మేము ఏ సంఘమునకు వెళ్లినను, "అయ్యగారూ, ఈ సొమ్ముతో ఏమి చేయుదము?" అని అడుగుచున్నారు. పెద్దలు గోపురమునకు రంగు వేయింతమందురు. యౌవనస్థులు మైకు సెట్టు, కీబోర్డు కావలెనందురు. ఇందులో ఏదియు తప్పు కాదు. అయితే ఆరాధన నూతనపడుటకు ఇవి చాలునా?

నెహెమ్యా గ్రంథము 13వ అధ్యాయము చూడుడి. యెరూషలేములో మందిరమున్నది, ప్రాకారమున్నది. కాని లేవీయులకును గాయకులకును రావలసిన పాళ్లు అందనందున వారు తమ పొలములకు వెళ్లిపోయిరి. నెహెమ్యా అధికారులను నిలదీసెను. వెళ్లినవారిని తిరిగి పిలిపించి వారి స్థలములలో నిలిపెను. అప్పుడు జనులు ధాన్యమును, ద్రాక్షారసమును, నూనెను తెచ్చిరి. వాటిని పంచుటకు నమ్మకస్థులను నియమించెను. మొదట మనుష్యులు, తరువాత కానుక, పిమ్మట లెక్క. మనకును ఇదే క్రమము.

1912లో డోర్నకల్ అధ్యక్షులుగా అభిషేకము పొందిన అజరయ్యగారు 1939లో ప్రతిష్ఠింపబడిన కెథడ్రల్‌ను దేశీయ శిల్పరీతిలో కట్టించిరి. అంతటితో ఊరకుండక, పేద సంఘములకు ఇచ్చుట నేర్పిరి; దానిపై 'క్రిస్టియన్ గివింగ్' అను గ్రంథమే వ్రాసిరి. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన పిమ్మట సిద్ధమైన ప్రభు భోజన క్రమములో, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి సమాధానము అందించు ఆచారము చేర్చబడినది. దానికి పైసా ఖర్చు లేదు. దాని అర్థమును పల్లె పల్లెకు నేర్పుటకు మాత్రము మనుష్యులు కావలసివచ్చిరి.

పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) కీర్తనలకు రాగ తాళములు పుస్తకములో అచ్చయియున్నవి. వాటిని సరిగా పాడగల వృద్ధులు ఒక్కొక్క సంఘములో ఇద్దరో ముగ్గురో మిగిలిరి. వారు ప్రభువునొద్దకు చేరిన తరువాత మనకు అక్షరములే మిగులును. వారి పాటను కొనుటకు అంగడి లేదు.

కావున మూడు పనులు మనవి చేయుచున్నాము. మొదటిది, ఉపదేశుల పోషణ, తర్ఫీదు. గురువు నెలకొకసారి వచ్చు పల్లెలో ప్రతి ఆదివారము ఆరాధన నడుపువాడు ఉపదేశియే. అతని జీతము నెలల తరబడి నిలిచిపోయినయెడల అతడును పొలమునకే పోవును. రెండవది, వేసవి సెలవులలో కీర్తనల బడి. హార్మోనియము, తబలా, తాళములు కొనుడి. వృద్ధులను గురువులుగా కూర్చుండబెట్టుడి, పిల్లలు నేర్చుకొందురు. మూడవది, నిధి లెక్కను మూడు నెలలకొకసారి సంఘము ఎదుట చదివి వినిపించుట.

ఒక ధనవంతుడే అంతయు ఇచ్చిన యెడల తక్కినవారు చూచువారగుదురు. మన తల్లులు వంటకు బియ్యము కొలుచునప్పుడు ప్రభువు కొరకు తీసిపెట్టు పిడికెడు బియ్యము ఈ నిధిలో చేరవలెను. ఇచ్చిన చెయ్యి ఆరాధనను తనదిగా ఎంచుకొనును.

రాబోవు నూరేండ్లలో మన బిడ్డలు పాడుచు ప్రభువును స్తుతించునట్లు దేవుడు మన కానుకను దీవించును గాక. ఆమేన్.