సగం సగం కూజా



డిజైన్ చదివి బయటికి వెళ్తున్న మీతో డచ్చి వెండిపనివాళ్ల ముచ్చట చెప్పాలని వచ్చాను. 16, 17 శతాబ్దాల్లో వాళ్లకు రాగి రేకు మీద చెక్కి కాగితంపై అచ్చువేసిన నమూనాలు దొరికేవి. హాన్స్ వ్రెడెమాన్ డి వ్రీస్ అలంకారాలు ఆంట్‌వెర్ప్‌లో అచ్చయి ఊళ్లూ దేశాలూ తిరిగాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో మిషెల్ లె బ్లాన్ కత్తిపిడికి సరిపోయేంత సన్నని తీగలు చెక్కాడు.

ఆ నమూనాల్లో కొన్నింటిని ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు. పాత్రను నిలువునా రెండు చేసి, ఎడమ సగం ఒక తీరుగా, కుడి సగం ఇంకో తీరుగా గీశారు. ఏ సగం తీసుకోవాలో పనివాడి ఇష్టం. పైగా కాగితం మీద నీడంటే నాలుగు అడ్డగీతలే. వెండిలో అదే నీడ పలకాలంటే రేకును ఎక్కడ ఉబ్బించాలి, ఎక్కడ లోతుకు కొట్టాలి, ఎప్పుడు కాల్చి మెత్తబరచాలి? అది ఏ అచ్చూ చెప్పదు, చెయ్యే తేల్చుకోవాలి.

ఆ చెయ్యి ఎంతవరకు వెళ్లగలదో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో చూడొచ్చు. ఉట్రెక్ట్ వాడైన ఆడమ్ వాన్ వియానెన్ 1614లో ఒకే వెండి రేకును కొట్టి కొట్టి తీర్చిన కూజా అక్కడుంది. ఆడమ్ తమ్ముడు పౌలుస్ చనిపోతే, అతని జ్ఞాపకార్థం దాన్ని ఆమ్‌స్టర్‌డామ్ వెండిపనివాళ్ల సంఘం చేయించింది. అడుగున కోతి ఒదిగి కూర్చుంటుంది. పైన వెండి చెవితమ్మెలా మెత్తగా మడతలు పడి జారుతుంది. గట్టి లోహమంటే నమ్మబుద్ధి కాదు.

ఆడమ్ పోయాక, 1650 ప్రాంతంలో, కొడుకు క్రిస్టియాన్ తండ్రి నమూనాలను చెక్కించి పుస్తకంగా వేశాడు. ఇంటి విద్యను నలుగురి చేతికిచ్చిన ఆ కొడుకంటే నాకు గౌరవం.

అలాంటి అచ్చుల కింద చాలాసార్లు ఊహించినవారి పేరు, చెక్కినవారి పేరు, అచ్చువేసినవారి పేరు విడివిడిగా ఉంటాయి. ఆ కాలంలోనే డచ్చి వర్తకులు మన కోరమాండల్ తీరానికీ నమూనాలు పంపి అద్దకం బట్టలు చేయించుకున్నారు. మచిలీపట్నంలో ఆ డచ్చివాళ్ల పేరు మోసే వలందపాలెం ఇప్పటికీ ఉంది. ఆ బట్టలు యూరప్ మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి, వాటిని అద్దినవాళ్ల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. ఇది నన్ను బాధిస్తుంది.

రేపు మీరు పెడన వెళ్లి కలంకారీ చేయించినా, కరీంనగర్‌లో వెండి తీగపని చేయించినా, నమూనా ఎవరిదో, పని ఎవరిదో వస్తువుతోపాటు రాసి పంపండి. మీ మొదటి ఆర్డరు నుంచే మొదలుపెట్టండి.