సిరిమానులో మన వంతు
(విజయదశమి సభలో చేసిన ప్రసంగ పాఠము)



దసరా గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. ఒకరు వ్రాసిన నోటుపై మరియొక నోటు వ్రాయుటయే నా వృత్తి. సొంతముగ మాటలాడుట నాకు కష్టమే. కావున కన్నులార చూచిన రెండు ఉత్సవములను గూర్చి మాత్రమే మనవి చేసెదను.

మొదటిది మా విజయనగరపు సిరిమాను. విజయదశమి పిదప వచ్చు మంగళవారమున పైడితల్లి అమ్మవారికి ఈ ఉత్సవము జరుగును. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధమున మరణించిన పూసపాటి విజయరామరాజుగారికి ఆమె చెల్లెలనియు, అన్న మరణవార్త విని తాను దేహము చాలించి దేవతయైనదనియు, ఆమె విగ్రహము పెద్దచెరువులో దొరకినదనియు మా పెద్దలు చెప్పుదురు.

సిరిమాను అనునది చింతమాను. అది ఏ తోటలో నున్నదో అమ్మవారు పూజారికి కలలో తెలుపునట. ఆ నిలువెత్తు మ్రాను మొదలు బండికి బిగించి, కొనకు ఆసనము కట్టి, పూజారిని అందు కూర్చుండబెట్టుదురు. ఆయన ఆకసమున తేలుచు, చదురుగుడినుండి కోటవరకు మూడు మారులు పోయి వచ్చును. జనులు భక్తితో అరటిపండ్లు విసరుదురు.

సిరిమాను ఒంటరిగ రాదు. పాలధార, అంజలి రథము, తెల్ల ఏనుగు, బెస్తవారి వల దానితో కదలును. విగ్రహము దొరకినది చెరువులో గదా. కనుకనే వలకు ఊరేగింపులో చోటు. ముందునాటి తొలేళ్ల రాత్రి రైతు అమ్మవారి ప్రసాదముగ విత్తనములు గైకొని పోవును. ఎవరి వంతు వారిది.

రెండవ ఉత్సవమును జపానులో చూచితిని. శిక్షణ నిమిత్తము టోక్యోలో నుండగా, అక్టోబరు మూడవ వారాంతమున కవగోయెకు పోయితిని. అది పాత వర్తకుల పట్టణము. 1893 నాటి అగ్నిప్రమాదము తరువాత కట్టిన మందపు గోడల కొట్లు ఇప్పటికిని వీధి పొడవున నిలిచియున్నవి. 1648లో అచ్చటి ప్రభువు హికావా దేవళమునకు పల్లకి మున్నగునవి సమర్పించుటతో ఉత్సవము ఆరంభమైనదందురు. ఒక్కొక్క పేటవారిది ఒక్కొక్క రథము. పైన బొమ్మ, ముందు మేళము. నాలుగు వీధుల కూడలిలో రథములు ఎదురైనప్పుడు ఒకదానివైపు ఒకటి తిరిగి, ఎవరి తాళము వారు తప్పక వాయింతురు. జపానులోని ఇట్టి 33 రథోత్సవములను యునెస్కో 2016లో తన పట్టికలో చేర్చినది.

అచ్చట తాడు లాగుచున్న యొకడు నాతో ముచ్చటించెను. అతడు టోక్యోలో ఉద్యోగి. "ఈ రెండు దినములు ఊరికి రాకున్న నా చోట తాడు ఖాళీగ నుండును" అనెను. ఆ మాట నన్ను వదలలేదు.

తిరిగివచ్చి ఈ సంగతులన్నియు ఇంట చెప్పితిని. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన మా అమ్మాయి అంతయు విని, "నాన్నగారూ, సిరిమానులో మన వంతు ఏది?" అని అడిగినది. మేము రథము లాగినవారము కాము, వల పట్టినవారము కాము. ఆ రాత్రి చాలసేపు ఆలోచింపగా జ్ఞాపకము వచ్చినది. ఆ మంగళవారమున పల్లెలనుండి నడచి వచ్చువారి కొరకు మా యింటి అరుగుమీద మజ్జిగ కుండలు పెట్టెడివారము. చెంబుతో పోయుట చిన్నవాడనైన నా పని. అదియే మా వంతు.

ఇప్పుడు మా తల్లిగారొక్కరే, ఈ వయస్సున, ఆ కుండలు నింపుచున్నారు. "ఈ యేడైన వత్తువా నాయనా?" అని ఆమె అడుగని దసరా లేదు. సిరిమాను మంగళవారము మనకు సెలవు కాదు. ఊరు ఒకటిన్నర దినముల రైలు దూరము. పదునొకండు సంవత్సరములుగ నేను చెప్పుచున్న సమాధానములివి. రెండును నిజములే. ఐనను చెంబు పట్టువారు లేరన్నదియు నిజమే గదా!

సోదరులారా! మనలో ప్రతివారికిని ఊరిలో ఇట్టి చిన్న వంతు ఒకటి ఉండియే యుండును. కావున నాదొక విన్నపము. ఏటేటా కొందరము వంతుల చొప్పున మన ఊళ్ల ఉత్సవములకు పోదము. ఉన్నవారు పోయినవారి ఫైళ్లు చూచుకొందురు గాక. పోయి వచ్చినవారు ప్రసాదముతోపాటు అచ్చటి ముచ్చట్లు తెచ్చి ఈ సభలో పిల్లలకు చెప్పుదురు గాక.

నా సెలవు చీటీ నిన్ననే సమర్పించితిని. మంజూరైన యెడల వచ్చు మంగళవారమున చెంబు మా అమ్మాయి చేతిలో నుండును.

సెలవు.