ఇంట తేలని ఒప్పందం: బ్రెగ్జిట్ చర్చలు, ఐర్లండ్ సరిహద్దు

వాణిజ్య కూటమి నుంచి ఒక దేశం తప్పుకొనేటప్పుడు బేరమంతా ఎదుటి పక్షంతోనే ఉంటుందని సాధారణంగా భావిస్తారు గాని, బ్రిటన్ అనుభవాన్ని పరిశీలిస్తే అందులో అతి కఠినమైన భాగం సొంత పార్లమెంటులోనే నడిచిందని తెలుస్తుంది. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్‌ను వీడాలని ఓటు వేశారు. వీడిన తరువాత దానితో ఎలాంటి సంబంధం ఉండాలన్నది మాత్రం వారిని ఎవరూ అడగలేదు. సభ్యదేశాల మధ్య సుంకాలు లేకుండా, బయటి సరకుపై అందరూ ఒకే సుంకం విధించే కస్టమ్స్ యూనియన్‌లో ఉండిపోవచ్చు, సరకుల నాణ్యత మొదలు మనుషుల రాకపోకల దాకా ఉమ్మడి నిబంధనలు పాటించే ఏకీకృత విపణిలో కొనసాగవచ్చు, రెండింటినీ వదులుకోనూవచ్చు. ఇంత ముఖ్యమైన విషయాన్ని తేల్చకుండా ఓటు అడగడం ఓటర్లకు జరిగిన అన్యాయమే.

లిస్బన్ ఒడంబడిక 50వ అధికరణం ప్రకారం, నోటీసు ఇచ్చిన నాటి నుంచి రెండేళ్ల గడువు మొదలవుతుంది. దాన్ని పొడిగించాలంటే మిగిలిన సభ్యదేశాలన్నీ ఏకగ్రీవంగా అంగీకరించాలి. ప్రధాని థెరెసా మే 2017 మార్చి 29న నోటీసు ఇచ్చి, బలం పెంచుకొనేందుకు జూన్‌లో ఎన్నికలకు వెళ్లి, ఉన్న మెజారిటీనే పోగొట్టుకొని, ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డెమొక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ సభ్యులు 10 మంది మద్దతుపై ఆధారపడవలసి వచ్చింది. ముడి అక్కడే పడింది.

ఐర్లండ్ గణతంత్రానికీ ఉత్తర ఐర్లండ్‌కూ నడుమ సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు పొలాల మీదుగా సాగుతుంది. దాన్ని దాటే దారులు 200కు పైగా ఉన్నాయి. 1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం తరువాత సైనిక కాపలా గోపురాలు తొలగిపోవడంతో, వేగపరిమితి బోర్డులపై మైళ్లు కిలోమీటర్లుగా మారడం చూసి గాని సరిహద్దు దాటిన సంగతి తెలియదు. ఉత్తరాన పితికిన పాలు దక్షిణాది డెయిరీలకు నిత్యం చేరుతుంటాయి. కస్టమ్స్ యూనియన్‌ను వీడడం, ఈ దారుల్లో తనిఖీలు లేకపోవడం, ఉత్తర ఐర్లండ్‌కూ మిగిలిన బ్రిటన్‌కూ మధ్య తేడా రాకపోవడం అన్న మూడు హామీలలో ఏ రెండైనా నిలుపుకోవచ్చు గాని, మూడూ కలిసి పొసగవు. 2017 డిసెంబరు 4న బ్రస్సెల్స్‌లో ముసాయిదా దాదాపు సిద్ధమైన వేళ, మే చర్చలను మధ్యలో ఆపి మూడో హామీపై పట్టుబట్టిన డెమొక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ నాయకురాలు ఆర్లీన్ ఫోస్టర్‌తో ఫోనులో మాట్లాడవలసి వచ్చింది. ఆ రోజు ఒప్పందం కుదరలేదు.

మరో మార్గం దొరికేదాకా బ్రిటన్ మొత్తం యూరోపియన్ యూనియన్‌తో ఒకే సుంకాల పరిధిలో ఉండాలన్న ‘బ్యాక్‌స్టాప్’ ఏర్పాటుతో వచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరి 15న పార్లమెంటులోని కామన్స్ సభ 432–202 ఓట్లతో తిరస్కరించింది. పూర్తిగా తెగతెంపులు కోరినవారూ, అసలు వీడడమే ఇష్టం లేనివారూ ఆ రోజు ఒకే వైపు ఓటు వేశారు. వారిని కలిపింది వ్యతిరేకత ఒక్కటే. మార్చి 27న సభ ముందుంచిన ఎనిమిది ప్రత్యామ్నాయాలలో ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఏప్రిల్ 1న కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. ఏం కావాలో సభే చెప్పలేనప్పుడు, 27 దేశాల తరఫున ఒక్క గొంతుతో మాట్లాడిన మిషెల్ బార్నియే ఎదుట ఏ ప్రధాని అయినా గట్టిగా బేరమాడడం అసాధ్యం.

తరువాత వచ్చిన బోరిస్ జాన్సన్ మూడో హామీని వదులుకొని, తనిఖీలను సముద్రం మీదికి, అంటే బ్రిటన్ ప్రధాన భూభాగం నుంచి ఉత్తర ఐర్లండ్‌కు వెళ్లే సరకు మీదికి మళ్లించి, 2020 జనవరి 31న దేశాన్ని బయటికి తెచ్చారు. 55.8 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లోనే ఉండాలని ఓటు వేసిన ఉత్తర ఐర్లండ్ ఆ భారాన్ని మోసింది: దీనికి నిరసనగా డెమొక్రటిక్ యూనియనిస్టులు 2022 ఫిబ్రవరిలో తప్పుకోగా కూలిన అక్కడి ఉమ్మడి ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో గాని మళ్లీ ఏర్పడలేదు.