రికార్డు గదిలో దొంగ ఫైలు

(కొత్తూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఏళ్ల తరబడి ఇన్‌వార్డు రిజిస్టరు రాసిన గుమాస్తాను. అయినా వైరసు గురించి మాట్లాడతానని నేనే అడిగాను. కారణం మా తమ్ముడు. హెపటైటిస్ బికి రోజూ మాత్ర వేసుకునేవాడు. రక్తంలో వైరసు కనబడలేదని రిపోర్టు రాగానే, డాక్టరును అడగకుండానే మానేశాడు. కొన్ని నెలలకే పచ్చకామెర్లతో మంచం పట్టాడు. "రిపోర్టులో లేని వైరసు ఎక్కడినుంచి వచ్చిందన్నా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసమే ఇదంతా చదివాను.

కణం ఒక ఆఫీసనుకోండి. మధ్యనున్న కేంద్రకం రికార్డు గది. మన డి.ఎన్.ఎ. దాదాపు అంతా అందులోనే. గది గోడకు సన్నని రంధ్రాలుంటాయి. పెద్ద సరుకేదైనా తగిన చీటీ ఉంటేనే లోపలికి పోనిస్తాయి. కరోనా వైరసు ఈ గదిలోకి పోనక్కరలేదు, వరండాలోనే పని చక్కబెట్టుకుంటుంది. సర్పి తెచ్చే వైరసు కుటుంబానికి గుల్ల పెద్దది. అది రంధ్రం దగ్గరే ఆగి, డి.ఎన్.ఎ.ను మాత్రం లోపలికి నెడుతుంది. హెపటైటిస్ బి గుల్ల చిన్నది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ముప్పై చిల్లర. పైగా దాని దగ్గర అసలు చీటీని పోలిన చీటీ ఉంటుంది. అది చూసి మన కణంలోని ప్రోటీన్లే దాన్ని రంధ్రం దాకా మోసుకుపోతాయి.

లోపలికి చేరే డి.ఎన్.ఎ. సుమారు 3,200 అక్షరాలు. అదీ అసంపూర్తే, రెండు పోగుల్లో ఒకటి కురచ. మా ఆఫీసులో అయితే అలాంటి దరఖాస్తును తిప్పి పంపేవాళ్లం. ఇక్కడ మన కణంలోని మరమ్మతు ఎంజైములే ఖాళీలు పూరించి, గుండ్రంగా ముడివేసి, ఫైలు చేసి పెడతాయి! కొత్త వైరసులన్నీ ఆ ఫైలు నుంచే పుడతాయి. మాత్ర కొత్త వైరసు తయారీని ఆపుతుంది గాని ఫైలును చించదు. రక్తంలో కనబడలేదంటే డిస్పాచి ఆగిందని మాత్రమే అర్థం.

టీకా విషయంలో మన హైదరాబాదు గొప్పే చెప్పుకోవాలి. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో షాన్‌వాక్-బి తెచ్చింది. రీకాంబినెంట్ పద్ధతిలో దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా అది. ఈస్టు కణాలచేత వైరసు పైపొర ప్రోటీనును మాత్రమే తయారు చేయిస్తారు. అంటే కవరుంటుంది, లోపల కాగితముండదు. రికార్డు గదికి చేరడానికి ఏమీ లేదు. అయితే అది ఇంకా సోకనివారికే. మా తమ్ముడికి అప్పటికే సోకింది.

మన వయసులో కీమోథెరపీయో, ఎక్కువ రోజుల స్టెరాయిడ్లో అవసరం పడవచ్చు. వాటివల్ల పాత ఫైలు మళ్లీ తెరుచుకోవచ్చు కనుక, ముందుగా హెపటైటిస్ బి పరీక్ష గురించి డాక్టరును అడగండి. మేము ఇంటిల్లిపాదీ చేయించుకున్నాం, సోకనివారికి టీకా వేయించాం.

తమ్ముడు కోలుకున్నాడు. ఇప్పుడు మాత్రల డబ్బా మా మరదలి చేతిలో ఉంటుంది.

సెలవు.