తల్లిదండ్రుల శుశ్రూష – తోబుట్టువుల వంతు
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు మాకంటె సమర్థులు ప్రసంగించియున్నారు. మాకొసగిన కొలదికాలములో ఇంటిలోని మాట యొకటి మనవి చేసెదము.

వాల్మీకి రామాయణమున దశరథునకు కుమారులు నలుగురు. ఆయన ప్రాణము విడిచిన రాత్రి ఒక్కడును చెంత లేడు. ఇద్దరు అడవిలో, ఇద్దరు మేనమామ యింట. భరతుడు వచ్చునందాక మంత్రులు రాజదేహమును తైలద్రోణిలో భద్రపరచిరి. ముప్పది యేండ్లకు పైగా ఈ ఘట్టమును తరగతులలో బోధించితిమి. దాని బరువు మాకు తెలిసినది 2019 కార్తికమున, హైదరాబాదు మధురానగరులో, మా చెల్లెలి యద్దెయింటి ముందుగదిలో. అమెరికానుండి తమ్ముడు వచ్చువరకు మా తల్లి రెండు దినములు ఐసుపెట్టెలో నుండెను.

అమ్మ పక్షవాతముతో మూడేండ్లు మంచము పట్టినది. పుండ్లు పడకుండుటకై రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. పగలు ఆయా, రాత్రి చెల్లెలు. ఆయాలును నిలుచువారు కారు. సినిమావారి జూబిలీహిల్సు చెంతనే యున్నది గదా, అక్కడ జీతమెక్కువ. చెల్లెలికి హైటెక్ సిటీలో ఉద్యోగము, ఇంటర్ చదువు కుమార్తె. ఆ యేడు మార్చిలో అమీర్‌పేటనుండి హైటెక్ సిటీకి మెట్రో రైలు నడచుట మొదలైనప్పుడు, దినమునకు గంటసేపు మిగిలినదని ఆమె పండుగవలె సంతసించినది. ఆ గంటయు అమ్మకే పోయినది.

తమ్ముడు నెలనెలా ధనము పంపెను, లోపము చేయలేదు. మేము సెలవులలో పోయి భాగవతము చదివి వినిపించితిమి. మమ్ము చూడగనే అమ్మ ముఖము వికసించెడిది. అన్నము పెట్టు చెల్లెలిపై విసుగుకొనెడిది. అది మా గొప్పయని తలచితిమి! చెల్లెలు బెంగుళూరులో పెద్ద పదవి వచ్చిన వద్దన్న సంగతి, అమ్మ పోయిన యేడాదికి గాని మాకు తెలియలేదు.

కర్మదినములలో వచ్చినవారందరు కొడుకులను ప్రశంసించిరి. అప్పుడు చెల్లెలు వంటయింట కాఫీ కలుపుచుండెను. ఆ రాత్రి మాతో నిట్లనినది: “అన్నయ్యా, అమ్మ పోయిన రాత్రి నాకు కంటినిండ నిద్ర పట్టినది. ఇది పాపమా?” మరుసటి రాత్రినుండి మరల రెండు గంటల కొకసారి మెలకువ వచ్చెడిదట; లేచి ఖాళీ మంచము చూచి పండుకొనెడిదట. ఓదార్చుటకు శ్లోకములు మాకు కావలసినన్ని వచ్చును. ఒక్కటియు నోట రాలేదు. పాపము కాదమ్మా యని మాత్రము చెప్పితిమి.

1986లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమభాగ మిచ్చు శాసనము చేసినది. 2007 నాటి కేంద్రశాసనము తల్లిదండ్రుల పోషణభారమును కొడుకులతోపాటు కుమార్తెలపైనను ఉంచినది. ఆస్తికిని భృతికిని లెక్క కుదిరినది. రాత్రులకు లెక్క ఇంటిలోనివారే చూచుకొనవలెను.

కావున, తల్లిదండ్రులు బ్రతికియుండగనే తోబుట్టువులు ఒకచోట కూర్చుండవలెను. ధనము పంపువాడు ఏటికొక నెల తాను వచ్చి మంచము ప్రక్క పండుకొనవలెను. ఆ నెల చూచువారు ఊరు విడిచి పోవలెను. ఊరకే విశ్రాంతి తీసికొమ్మనిన చాలదు, ఇంటిలోనుండగా విశ్రాంతి యెక్కడిది? పోషకులకు మా ప్రార్థన: శిక్షణపొందిన ఆయాలను బీదకుటుంబములకు కొన్ని వారములైన సమకూర్చుటకు నిధిలో కొంత కేటాయింపుడు.

ఈ మహాసభ సంచికలో మా తల్లి జ్ఞాపకార్థ మొక పుట తీసికొంటిమి. ఛాయాచిత్రము క్రింద చెల్లెలి పేరు మొదట, తమ్ముని పేరును మా పేరును తరువాత వేయించితిమి. అచ్చుచిత్తు చూపగా, “వరుస తప్పినది, పెద్దవాడవు నీవు గదా” అనినది. మేము మార్చలేదు. అమ్మ పేరులో పడిన అక్షరదోషమును మాత్రము ఆమె దిద్ది పంపినది.