నీటికై కూడిన నిధి: ఆఫ్రికా ఖండము నేర్చిన పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాస పాఠము)



పూర్వులు సప్తసంతానములని యేడింటిని లెక్కించిరి. వానిలో తటాకము నొకటి, కృతి నొకటి. చెరువు త్రవ్వించినవానికిని, గ్రంథము నిలిపినవానికిని ఒకే పంక్తిలో పీట వేసిన సంప్రదాయ మిది. కావున గ్రంథాలయపు పండుగనాడు నీటిని గూర్చి ముచ్చటించుట అప్రస్తుతము కానేరదు.

అయితే ఆ ధర్మము ఒక దాత, ఒక గ్రామము అను కొలతకు చెందినది. ఒక మహాఖండమునకే నీరు కావలసివచ్చినప్పుడు విరాళము లెవరు కూడబెట్టవలెను? ఎవరీయవలెను? వచ్చిన ధనము దేనికి వెచ్చింపవలెను? ఈ ప్రశ్నలకు ఆఫ్రికా ఖండము అరువది యేండ్లుగా సమాధానము వెదకుచున్నది. ఆ అనుభవము ప్రతి గ్రామమునకును పనికివచ్చునది.

ముందుగా అవసర మెంతటిదో చూడవలెను. 2000 నుండి 2020 వరకు ఆఫ్రికా జనాభా సుమారు 80 కోట్ల నుండి 130 కోట్లకు పెరిగినది. ఆ యిరువది యేండ్లలో సుమారు 50 కోట్ల మందికి క్రొత్తగా కనీసపు త్రాగునీటి వసతి కలిగినది. కనీసపు వసతి యనగా, రక్షితమైన నీటిని పోయి, వంతుకు నిలిచి, అరగంటలోగా ఇంటికి తెచ్చుకొనగలుగుట. అయినను 2020 నాటికి ఆపాటి వసతియు లేనివారు 41 కోట్ల 80 లక్షల మంది యని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యునిసెఫ్ సంస్థయు 2022లో ప్రకటించినవి. పని జరుగలేదని కాదు. జరిగిన పనిని జనసంఖ్య తరుముచున్నది.

ఇక ధనము కూడిన విధము. 1964లో ఆఫ్రికా దేశములు కలిసి ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకును స్థాపించుకొనినవి. పేద దేశములకు స్వల్పమైన రుసుముతో దీర్ఘకాలపు ఋణము లిచ్చుటకై 1972లో ఖండమునకు వెలుపలి దేశములను చేర్చుకొని ఆఫ్రికా అభివృద్ధి నిధి నేర్పరచినవి. దాతలు మూడేండ్ల కొకమారు కూర్చుండి ఆ నిధిని మరల నింపుచుందురు. 1976లో నైజీరియా తన ధనముతో ఆ బ్యాంకులోనే మరియొక నిధిని నెలకొల్పినది. ఐక్యరాజ్యసమితి 1981 నుండి 1990 వరకు గల దశాబ్దమును త్రాగునీటి దశాబ్దముగా ప్రకటించినది. 1981లోనే బ్రిటనులో నీటి సరఫరా రంగమువారు వాటర్ ఎయిడ్ అను ధర్మసంస్థను స్థాపించిరి. నీటి బిల్లుతోపాటు ఒక విన్నపపత్రమును గూడ ఇంటింటికి పంపి చందాలు కోరుట వారి పద్ధతులలో నొకటి. కుళాయి త్రిప్పగనే నీరు వచ్చు నింటివారికి, నీటిబిల్లు చూచు క్షణముననే నీరులేని వారిని జ్ఞప్తికి తెచ్చుట వివేకముగల యోచన.

2002లో ఆఫ్రికా దేశముల జలశాఖామంత్రులు ఒక మండలిగా నేర్పడిరి. వారి చొరవతో ఆఫ్రికా జలనిధి పుట్టి 2006 నుండి పని ప్రారంభించినది. దాని నిర్వహణము అభివృద్ధి బ్యాంకునకు అప్పగింపబడినది. ఈ నిధి చేసిన ముఖ్యమైన పని యొకటి కలదు. ఇల్లు కట్టుటకు అప్పిచ్చువాడు ముందుగా పటమును, అంచనాను అడుగును గదా! ఆనకట్టకో, గొట్టపు మార్గమునకో ధనమిచ్చువాడును అట్లే అడుగును. భూమిలో నీరెంత, వర్షమెంత, ఖర్చెంత, ఎవరికి లాభము అను పరిశీలనలేని పథకమునకు ఎవ్వరును ఋణమీయరు. ఆ పరిశీలనకే ధనములేని దేశములు అనేకము. జలనిధి ఆ మొదటి ఖర్చును భరించి, పెద్ద ధనము వచ్చుటకు దారి తీయును. దీనికి ఐరోపా దేశములును, కెనడాయు మాత్రమే కాదు. ఆల్జీరియా, ఈజిప్టు, సెనెగల్, బుర్కినాఫాసో దేశములును విరాళమిచ్చినవి. తామే నీటికై కష్టపడు దేశములు తమ వంతు వేయుట ఇందలి విశేషము. తన చేయి ముందుగా చాచి వేసినవాడు అడిగిన చందాకు గౌరవ మధికము.

అయితే ధనము కూడినంతమాత్రమున నీరు రాదు. దీనికి తార్కాణము రంగులరాట్నపు పంపు. పిల్లలు రంగులరాట్నముపై ఆడుచుండగా క్రిందనున్న పంపు నీరు తోడి తొట్టి నింపునట్లు దక్షిణాఫ్రికాలో ఒక సాధనము కల్పింపబడినది. చూడ ముచ్చటైనది; దాతల హృదయములను ఇట్టే ఆకర్షించినది. 2006లో అమెరికాలో దీనికై ఒక కోటి అరువది లక్షల డాలర్లకు పైగా సహాయము ప్రకటింపబడినది. 2010 నాటికి నాలుగువేల పంపులు నిలుపవలెనని సంకల్పము. కాని పిల్లలు బడిలోనున్న వేళ, ఆటపై మనసులేని వేళ, ఆ బరువైన చక్రమును తల్లులే చేతులతో త్రిప్పవలసివచ్చెను. ధర చూడగా సామాన్యమైన చేతిపంపునకు నాలుగింతలు. చెడినచో బాగుచేయువారు దూరము. సంకల్పము నెరవేరకుండగనే ఆ అమెరికా సంస్థ పని విరమించినది. దాతకు నచ్చినది వేరు, నీరు మోయు స్త్రీకి కావలసినది వేరు. ఆమెను ముందుగా అడుగకపోవుటయే దోషము.

సామాన్యమైన చేతిపంపు కథయు ఆలోచింపదగినదే. తెలుగు పల్లెలలో బోరింగు అని పిలువబడు ఇండియా మార్క్ టూ పంపు 1970 దశాబ్దమున యునిసెఫ్ సహకారముతో భారతదేశముననే రూపొందినది. షోలాపూరు పంపు దానికి మాతృక. ఆ పంపే సముద్రము దాటి ఆఫ్రికాలోని అనేక దేశముల పల్లెలకు చేరినది. గట్టిదేకాని, లోపలి భాగము చెడినచో బరువైన గొట్టములన్నియు పైకి లాగవలెను; దానికి పనిముట్లును, మనుష్యులును కావలెను. అందుచేత 1980 దశాబ్దమున తూర్పు ఆఫ్రికాలో ఆఫ్రిదేవ్ అను పంపును రూపొందించిరి. గొట్టములు కదలింపకయే గ్రామస్థులు లోపలి భాగములను తీసి మార్చుకొనగలరు. అయినను వాషరు కొనుటకు అంగడి యుండవలెను, అంగడికి పోవుటకు చేతిలో రొక్కముండవలెను. 2009లో వెలువడిన ఒక అంచనా ప్రకారము, సహారా ఎడారికి దక్షిణముననున్న సుమారు ఇరువది దేశములలో చేతిపంపులు మూడింట నొకవంతు పనిచేయక నిలిచియున్నవి. వేలకొలది డాలర్లతో త్రవ్విన బోరు, కొద్దిపాటి వాషరు లేక మూగవోయినది! పంపు నిలుపుటకు దాత కలడు, శిలాఫలకము కలదు. వాషరునకు దాత లేడు.

మరి గ్రామస్థులు పాలుగొనినచో సర్వము చక్కబడునా? మలావీ దేశపు అనుభవము దీనికి సమాధానము చెప్పును. అచ్చట 1960 దశాబ్దము చివర కొండవాగుల నీటిని గొట్టముల ద్వారా పల్లెలకు దింపు పథకము లారంభమైనవి. నీరు పల్లమునకు తానే పారును గనుక యంత్రముతో పనిలేదు. గొట్టముల ఖర్చు వెలుపలి దాతలది. మైళ్లకొలది కందకములు త్రవ్విన శ్రమ గ్రామస్థులది. కమిటీలను వారే యెన్నుకొనిరి. లక్షలాది ప్రజలకు నీరందినది. కాలక్రమమున చూడగా, చిన్న పథకములు బాగుగనే నడచినవి. అనేక గ్రామముల మీదుగా పోవు పెద్ద పథకములు మాత్రము చెడినవి. పై ఊరివారు వాడుకొనగా క్రిందియూరికి చేరునప్పటికి నీరుండదు. ఆ తగవు ఒక్క గ్రామపు కమిటీ తీర్పజాలదు. పెద్ద మరమ్మతునకును, న్యాయమైన పంపకమునకును ప్రభుత్వపు అండ నిత్యము నుండవలెను.

ఇంతకు తేలిన సారాంశమేమి? నీటి ధర్మమునకు మూడు పద్దులు కావలెను. మొదటిది నిర్మాణపు పద్దు. దానిని దాతయు, ఋణమును తీర్చవచ్చును. రెండవది నిత్యపు మరమ్మతు పద్దు. దానిని నీరు త్రాగువారే నెలనెల కొంచెముగా కూడబెట్టవలెను. మూడవది గ్రామశక్తికి మించిన పెద్ద మరమ్మతు పద్దు. అది ప్రభుత్వపు బాధ్యత. ఈ మూటిలో నేది లోపించినను మిగిలిన రెండును వ్యర్థము. చందా అడుగువారు మొదటి పద్దునకే గాక తక్కిన రెంటికిని దారి చూపిన పిమ్మటనే చేయి చాచుట ధర్మము.

గ్రంథాలయ సభ్యులకు ఈ లెక్క క్రొత్తదికాదు. భవనము నొక దాత కట్టింపవచ్చును, బీరువా నింకొక దాత యీయవచ్చును. కాని ఇరువదియైదేండ్లు ప్రతిసాయంకాలము దీపము వెలిగి, పత్రిక బల్లపై నుండుటకు కారణము సభ్యుల చిన్నచందా. బావియైనను, గ్రంథాలయమైనను దానము వలన పుట్టును, చందా వలన బ్రతుకును. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక! నీటికై నడచు తల్లుల దూరము లోకమంతట తరుగుగాక!

స్వస్తి.