వితండవాదమును గూర్చి

(అనంతపురమున ఒక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మీయెదుట ప్రస్తావింపనున్న విషయము మేము కోరి తెచ్చుకొన్నది కాదు. గడచిన వేసవిలో మేము కన్నులార చూచిన సంగతి యొకటి మమ్ము విడువక వెన్నాడుచున్నది. దానిని మీకు విన్నవించి, దానివలన మాకు కలిగిన ఆలోచనలను మీముందు పెట్టెదము.

మన సీమ స్థితిని మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. నైఋతి మేఘములు పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి వట్టిపోవును. ఈశాన్య మేఘములు తూర్పు తీరముననే చాలవరకు కురిసి, మిగిలిన తుంపరలను మనకు పంపును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియైనను వేళకు వచ్చునన్న నమ్మకము లేదు. ఇట్టిచోట చెరువు పూడిక తీయవలెనా వద్దా యనునది గ్రంథములలోని ప్రశ్న కాదు. వేసవి ముగియకముందే తేలవలసిన ప్రశ్న. తొలివాన నీరు చెరువులో నిలిచిన పిమ్మట ఎంతటివాని తర్కమును పలుగు పట్టి మట్టి త్రవ్వజాలదు.

ఒక గ్రామమున చెరువు సగమునకు పైగా పూడిపోయినది. ఊరిపేరు చెప్పము. రైతులు రచ్చకట్టకడ కూడిరి. మమ్మును పిలిచినందున మేమును పోయితిమి. పూడికమట్టిని ఎవరి చేలకు వారు తోలుకొనవలెననియు, ట్రాక్టరు బాడుగను ఆయకట్టు ఎకరముల లెక్కన పంచుకొనవలెననియు మాట కుదురుచుండెను. అంతలో చదువుకొన్న పెద్దమనిషి యొకరు లేచి, పూడిక తీసినచో నీరు భూమిలోనికి ఇంకిపోవుననియు, చెరువు నిలువదనియు చెప్పిరి. ఇది తెలివిమాలిన మాట కాదు. అడుగున పేరుకొన్న ఒండ్రును మితిమీరి త్రవ్వినచో నీరు నిలువకపోవుట కలదు. కట్టమొదట త్రవ్వినచో కట్టకే మోసము. ఆ యూరి నీరుగంటి, అక్షరము రాని వృద్ధుడు, ఆ మాటకు తల యూచి, "నిజమే సామీ, కట్టకు దూరంగానే తీస్తాం. గట్టినేల తగిలితే నిలిపేస్తాం" అనెను. అందఱును సరియనిరి.

సంశయము తీరినవాడు సంతోషింపవలెను గదా! ఆ పెద్దమనిషి ముఖమున సంతోషము కానరాలేదు. మఱునాటి సాయంకాలము ఆయనయే లేచి, పైపైన గీకుట పూడిక తీయుట యెట్లగును, తీసినచో అడుగంట తీయవలెను, లేకున్న డబ్బు దండుగ యని వాదింప దొడగిరి. నిన్నటి మాట యేమాయెనని ఎవరో అడుగగా, "నేనేమియు చెప్పుట లేదు, అడుగుచున్నాను, అంతే" యని నవ్విరి. కుఱ్ఱవాండ్రును నవ్విరి. మూడవనాడు బాడుగ లెక్కలపై రగడ. నాలుగవనాడు ఆ లెక్కలు వ్రాసినవాని పుట్టుపూర్వోత్తరములపై రగడ. అయిదవనాడు సభకు రావలసినవారే రాలేదు. పది దినములకు వాన వచ్చినది. పూడిక పూడికగానే యున్నది.

ఆ చెరువుక్రింద ఆ పెద్దమనిషికిని మడి కలదు. ఆ యేడు ఆ మడికిని నీరు చాలలేదు. మమ్ము కలవరపెట్టినది ఇదియే. తన లాభముకొఱకు అడ్డుపడువానిని మేము అర్థము చేసికొనగలము. వానితో బేరమైనను ఆడవచ్చును. తన మడి యెండినను సరే, తాను లేవగానే సభ తనవైపు తిరిగిన చాలుననుకొనువానితో ఏ బేరము కుదురును?

మన పూర్వులకు ఇట్టివాడు తెలియనివాడు కాడు. గౌతముని న్యాయసూత్రములలో చర్చ మూడు విధములుగా చెప్పబడినది. సత్యము తేలవలెనని ఇరుపక్షములవారును ప్రమాణములతో చేయునది వాదము. గెలుపే గుఱిగా ఎత్తుజిత్తులతో సాగునది జల్పము. ఎదుటి పక్షమును పడగొట్టుటయే గాని తన పక్షమును నిలువబెట్టుట లేనిది వితండ. ఇందులో ఒక సూక్ష్మము కలదు. సూత్రకారుడు వితండవాది కంఠధ్వనిని గాని, కోపమును గాని లక్షణముగా చెప్పలేదు. తనకొక పక్షము లేకపోవుటయే లక్షణమని చెప్పెను. మెత్తగా, చిఱునవ్వుతో, "అడుగుచున్నాను, అంతే" యనువాడును వితండవాదియే కావచ్చును.

అంతమాత్రమున గౌతముడు వితండను బొత్తిగా వెలివేయలేదు. మొలకలను కాపాడుటకు ముండ్లకొమ్మలతో కంచె వేసినట్లు, తత్త్వనిశ్చయమును కాపాడుటకు జల్పవితండలు పనికివచ్చునని ఆయన మాట. మన చేలను చూచియే చెప్పెనా యనిపించును! వేరుసెనగ మొలకెత్తినప్పుడు గట్టున తుమ్మకంప వేయని కాపు ఎవడు? కాని కంప గట్టుమీద ఉండవలెను. దానిని తెచ్చి చాళ్లలో పఱచినచో మేకలు రావు నిజమే, గుంటకయు నడువదు. ఇక కంచెయే చేను మేసినచో రైతు ఎవరితో మొఱపెట్టుకొనును?

ఇచ్చట ఒక హెచ్చరిక. కాదన్న ప్రతివానిని వితండవాది యని త్రోసివేయుట అధికారులకు అలవాటు, నాయకులకు అలవాటు, మా పత్రికలవారికిని కొంత అలవాటే. కనుక కాదన్నవారిలో నిజమైనవారు ఎట్లుందురో రెండు నిదర్శనములు చూపెదము.

1876 మొదలుకొని రెండేండ్లు ధాత కఱవు ఈ సీమను కబళించినది. అప్పటికి అనంతపురము వేఱు జిల్లా కాదు, బళ్లారి జిల్లాలోనిది. వేఱుపడినది 1882లో. 1877లో రాజప్రతినిధి పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, కఱవుపనులలో మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొలదిపాటి కాసును చాలునని నిర్ణయించెను. మదరాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిషు కాదనెను. కాదని యూరకుండెనా? కష్టించు దేహమునకు ఒకటిన్నర పౌను ధాన్యము కావలెననియు, పప్పు, కూరలు వంటివి కూడ ఉండవలెననియు తన లెక్కను ముందుంచి, పై యధికారముతో బహిరంగముగ తగవు పడెను. ఆ యేటనే మదరాసు ప్రభుత్వము కూలిని పెంచవలసివచ్చినది. టెంపుల్ లెక్క తప్పని చెప్పి కూర్చుండియున్నచో ఎవని గంజిలో నాలుగు మెతుకులు హెచ్చియుండును?

రెండవది మన యింటిలోనిది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రమనగానే రాయలసీమవారిలో అనేకులకు సంశయములు కలిగెను. సర్కారు జిల్లాలవారు చదువులోను ధనములోను ముందున్నారు, మనము వారి వెనుక ఈడ్వబడుదుము గదా యని. ఆ సంశయమునే పట్టుకొని ప్రతి సభలోను వద్దు వద్దనుచు కాలము గడుపుట మిక్కిలి సులభము. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున మనవారు కూర్చున్నది అందులకు కాదు. అనంతపురమునుండి కల్లూరి సుబ్బారావుగారు, పప్పూరి రామాచార్యులుగారు, కడపనుండి కోటిరెడ్డిగారు, ఆవలిప్రక్క కొండ వెంకటప్పయ్య పంతులుగారు, పట్టాభి సీతారామయ్యగారు. మనవారు తమ సంశయములను షరతులుగా మార్చిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిలో పదేండ్లు గాని, అవసరమైనంతకాలము గాని ఈ సీమకు మొదటి మర్యాద. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము. రాజధాని, హైకోర్టులలో కోరినదానిని ఎన్నుకొను హక్కు. కాగితముపై వ్రాసి చేవ్రాళ్లు చేసిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని యగుటకు ఆ కాగితమే ఆధారము. తక్కిన షరతులలో ఎన్ని నెఱవేఱినవి, ఎన్ని నీటిమీది వ్రాతలైనవి యనునది వేఱొక ప్రసంగము. మేము చూపునది ఇంతే: కాదన్నవారు తమకేమి కావలెనో చెప్పిరి, కనుకనే ఎదుటివారు అవునో కాదో చెప్పవలసివచ్చినది.

మఱి వితండవాదిని ఏమి చేయవలెను? తెనాలి రామకృష్ణుడు తిలకాష్ఠ మహిషబంధనమను లేని గ్రంథము పేరుచెప్పి వాదమునకు వచ్చిన పండితుని రాత్రికి రాత్రి పాఱిపోవునట్లు చేసెనని కథ కలదు. వినుటకు ముచ్చట. కాని ఆ పండితుడు పరదేశి. మనవాడు ఈ యూరివాడే, ఱేపును సభకు వచ్చును. కేకలువేసి కూర్చుండబెట్టుటయు పనికిరాదు. అతడు కోరునదే అది.

అంతకంటె మేలైన త్రోవ మన రైతులే చూపిరి. 2000 తరువాతి దశాబ్దమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురము మొదలైన ఏడు కఱవు జిల్లాలలో రైతులే తమ బావులలో, బోర్లలో నీటిమట్టమును కొలిచి, వానకొలతను వ్రాసికొని, రబీకి ముందు ఊరివారందఱును కూడి నీటి జమాఖర్చు కట్టుకొను ఏర్పాటు నడచినది. నీరింత, ఈ పైరుకు ఇంత కావలెను, ఆ పైరుకు అంత. లెక్క అందఱి యెదుట ఉన్నప్పుడు కాదనువాడు కూడ తాడు పట్టుకొని బావికడకు పోవలసినదే. పోయి కొలిచి, వేఱు అంకె తెచ్చెనా, అతడు మనకు ఉపకారి. పోకుండెనా, సభ అతనికొఱకు నిలువనక్కరలేదు.

ఆ కుఱ్ఱవాండ్ర నవ్వును గూర్చి ఒక్కమాట. ఆ నవ్వు లేకున్న ఆ పెద్దమనిషి రెండవనాడు లేచియుండడు. మేమును ఆ సాయంకాలము నవ్వితిమని ఒప్పుకొనక తప్పదు. ఆ మాట చమత్కారముగనే యుండెను. నీరుగంటి మాత్రము నవ్వలేదు. తలగుడ్డ దులుపుకొని లేచి, తూముకడ పని యున్నదని వెడలిపోయెను. అతడు మఱి సభకు రాలేదని తరువాత తెలిసినది.

ఆ యూరివారు వచ్చు ఆదివారము మరల కూడుచున్నారు. ఈ మందిరమునుండి పోదలచినవారు మాతో రావచ్చును. మాటలాడదలచిన ప్రతివారును తమకేమి కావలెనో, అందులకు ఎంత ఖర్చగునో ఒక కాగితముపై వ్రాసి తేవలెనని ఊరిపెద్దలు కోరియున్నారు. వ్రాయుట రానివారికి వ్రాసిపెట్టుటకు మేము ఒక గంట ముందుగా అచ్చట నుందుము. నీరుగంటిని పిలుచుకొని వచ్చు బాధ్యతయు మామీదనే పెట్టిరి.